ఓడ దాటిపోయినంక

పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ ఇంకా నాలుగు రోజులుందనగా, నల్లగొండలో డిగ్రీ చదువుతున్న నా మనుమరాలు సెలవులకు వచ్చింది. నేను అరుగు మీద కూర్చుని గునుగుపూల కాడలు సమంగా కోస్తుంటే, పక్కన చాప మీద పడుకుని తన పాఠాల పుస్తకం నా ఒళ్ళో పెట్టి, పరీక్ష ఉంది, నువ్వు చదువు నేను వింటాను అంది. వయసు మళ్ళినంక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఎవరైనా చదవమంటే చాలు, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేస్తానని దానికి తెలుసు. ఆ పాఠం, గ్రీకు దేశంలో వేల ఏండ్ల కింద పాటగా కైగట్టి పాడుకున్న ఒక పెద్ద కథ గురించి. కూడబలుక్కుంటూ చదువుతున్న కొద్దీ నాకు కోపం మొదలైంది. పుస్తకం మీద కూడా కోపం వస్తుందని అంతకుముందు నాకు తెలియదు.

యుద్ధం గెలిచిన ఒక రాజు ఓడలో ఇంటికి తిరిగి వస్తుంటాడు. దారి పొడుగునా ఆయనకు అడ్డం పడేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఒకతె తిండిలో మందు కలిపి మగవాళ్ళను పందులను చేస్తుంది. ఒకతె తన దీవిలో ఏండ్లకేండ్లు ఆపుకుంటుంది. ఇంకొందరు సముద్రం మధ్య కూర్చుని పాడుతుంటారు. ఆ పాట విన్న మగవాడు ఇల్లూ పిల్లలూ మరిచి అటే పోయి చస్తాడట. రాజు తన మనుషుల చెవుల్లో మైనం పెట్టి, తనను మాత్రం ఓడ స్తంభానికి తాళ్ళతో కట్టేయమంటాడు. పాట వినాలి, ప్రాణం మాత్రం పోవద్దు. ఇంటి దగ్గర భార్యేమో, పెండ్లి చేసుకుంటామని ఎగబడ్డవాళ్ళను ఆపడానికి, పగలు నేసిన బట్టను రాత్రి విప్పుకుంటూ అన్నేండ్లు కాచుకుని ఉండాలి. మగ్గం ఇంట్లో పుట్టినదాన్ని, నేసింది విప్పుకోవడమంటే ప్రాణం ఎట్లా ఉసూరుమంటుందో నాకు తెలుసు. ఇంతా అయి రాజు ఇల్లు చేరినంక, ఆ ఎగబడ్డవాళ్ళతో కలిశారని ఇంట్లో పనిచేసే ఆడపిల్లలకు ఉరి వేయిస్తాడు. దీవిలో తాను గడిపిన ఏండ్లకు మాత్రం ఆయనను దోషిని చేసి నిలబెట్టే మనిషి నేను చదివిన ఆ పాఠంలో ఎక్కడా కనపడలేదు. మా పిల్ల కండ్లు మూసుకునే, "ప్రలోభం మీద ప్రశ్న వస్తదట అవ్వా, గా పాటగత్తెల కాడ మళ్ళొక్కసారి చదువు" అంది. నేను చదవలేకపోయాను. నా కండ్ల ముందు మా చెల్లె నిలబడింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఊళ్ళల్లో ఉన్న ఆ సంబరం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కేతేపల్లి దగ్గరి మా చిన్న ఊళ్ళో కూడా బతుకమ్మ నాడు మైకులు, లైట్లు, కొత్త చీరలు. ఆ రోజుల్లోనే నేను అంగన్‌వాడీ గదిలో రాత్రిబడికి పోయేదాన్ని. పలక మీద అ రాస్తే మెలికల ముగ్గు అయ్యేది. మా చెల్లె ఏ బడికీ పోలేదు గాని, బాపు దగ్గర, అవ్వ దగ్గర విన్న పాటలన్నీ దాని నోటనే ఉండేవి. మొగుడు వదిలేస్తే పుట్టింటికి వచ్చి, బాపు కూర్చున్న గుంట మగ్గం మీదనే నేసుకుంటూ బతికేది. బతుకమ్మ ఆటలో ఒకరు పాట ఎత్తాలి, మిగిలినవాళ్ళు ఉయ్యాలో అని అందుకోవాలి. ఎత్తే గొంతు లేకపోతే చుట్టూ నిలబడ్డ కాళ్ళు కదలవు. మా వాడకట్టుకు ఆ గొంతు మా చెల్లెదే. మగ్గం మీద వంగి వంగి బిగుసుకుపోయిన దాని నడుము ఆ తొమ్మిది రోజులు ఎట్లా నిటారుగా నిలబడేదో చూస్తే నాకు సంతోషమయ్యేది. ఆ మనిషికి వేరే పండుగ లేదు.

మా వాడలో నూలు దుకాణం పెట్టుకున్నాయన మాకు వరుసకు బావ. పెండ్లాం, ఎదిగిన పిల్లలు ఉన్నవాడు. ఒక ఏడు పండుగ మొదటి రోజు నుంచీ దుకాణం మూసి గోడకు ఆనుకుని నిలబడి పాట వినేవాడు. పండుగ అయిపోయినా ఊరుకోలేదు. చెల్లె నేస్తూ కూనిరాగం తీస్తే కిటికీ పక్కన తచ్చాడేవాడు. అది ఒక రోజు కిటికీ మూసుకుంది, ఇంకొక రోజు ముఖం మీదనే పొమ్మంది. ఆయన ఇంట్లో అన్నం ముట్టక, లెక్కలు చూసుకోక పిచ్చివాడిలా తిరిగితే, ఆయన పెండ్లాం వచ్చి మా వాకిట్లో దుమ్మెత్తి పోసింది. ఆమెను నేను తప్పు పట్టను. ఆమె బాధ ఆమెది. నా కోపమంతా దాన్ని పంచాయితీకి పిలిచిన కులపెద్దల మీద.

పంచాయితీలో బావకు కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు. మా చెల్లెను నిలబెట్టారు. పాపం, దాని పాటకు పడ్డడు, మొగోని మనసు జారుతది, ఆడిదే జర అదుపుల ఉండాలె అని ఒకరి తర్వాత ఒకరు అన్నారు. నాకు ఆగలేదు. ముందుకు పోయి, "పాట దాని నోట్లె ఉన్నది, నడిచొచ్చిన కాళ్ళు నీయే గద బావా, వాటిని ఎవరు గుంజుకొచ్చిన్రు?" అని అడిగాను. పెద్దాయన ఒకాయన, "రాత్రిబడికి నాలుగు పొద్దులు పోంగనే దీనికి గూడ నోరొచ్చె!" అన్నాడు. అంతా నవ్వారు. ఆ నవ్వులోనే తీర్పు అయిపోయింది: చెల్లె ఆడుకోవచ్చు, పాట మాత్రం ఎత్తరాదు. ఆ గ్రీకు రాజుకు కనీసం తన మీద తనకు నమ్మకం లేదని తెలుసు, తాళ్ళు తెప్పించుకుని తననే కట్టించుకున్నాడు. మావాళ్ళు మొగోడి కాళ్ళు వదిలేసి ఆడదాని నోరు కట్టారు.

మరుసటి ఏడు పాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే తన మీద ఏ మాట వస్తుందోనని అందరికీ భయమే. కాసేపు గాజుల చప్పుడే వినిపించింది. ఆ తర్వాత యువజన సంఘం పిల్లలు డీజే డబ్బాలు తెచ్చి పెట్టారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా అవే.

మనుమరాలికి ఆ పాఠం చదివిన మరునాడు, పుస్తకం చంకన పెట్టుకుని చెల్లె ఇంటికి పోయాను. రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. పాటగత్తెల కథ మొదటి నుంచీ చదివి వినిపించాను. దాని చేయి ఆగలేదు. అంతా విని, "అక్కా, ఓడ దాటిపోయినంక గా పాడేటోళ్ళు ఏమైన్రు?" అని అడిగింది. నేను పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పాను. ఓడ పోతుంది, కథ ఓడతోనే పోతుంది, రాజుకు ఇంకొక గండం వస్తుంది. ఒడ్డున మిగిలినవాళ్ళ ఊసు ఆ పాఠంలో లేదు. రాయలేదే అన్నాను.

"రాయరు తియ్యి. నోర్మూసుకొని మగ్గమెక్కి ఉంటరు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఈ ఏడు పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు డబ్బాలోంచి ఎవరో ఆడమనిషి గొంతెత్తి పాడుతోంది. మొగవాళ్ళంతా ఫోన్లు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. జుట్టు నెరిసిన మా బావ ముందు వరుసలో కుర్చీ వేసుకుని తొడ మీద తాళం వేస్తున్నాడు. డబ్బాలో పాడే ఆమెను ఏ పంచాయితీకీ పిలవరు. మా ఆడవాళ్ళు ఆ వేగానికి తగ్గట్టు చప్పట్లు కొట్టలేక తడబడుతున్నారు. వలయంలో ఒక పక్క మా చెల్లె వంగి చప్పట్లు కొడుతోంది. దాని పెదవులు కదులుతున్నట్టు అనిపించింది. డబ్బా పాట ఒకటైతే, అవి కదిలే తీరు ఇంకొకటి. దగ్గరికి పోయి దాని నోటి దగ్గర చెవి పెట్టాను. ఆ మోతలో నాకేమీ వినపడలేదు.