ఆదివారం పువ్వు

మా టీ కొట్టు పర్ణశాల రోడ్డు మీద, అడవిలోకి బాట చీలే చోట ఉండేది. తెల్లవారకముందే పొయ్యి వెలిగించేదాన్ని కాబట్టి, ఇప్పపువ్వు ఏరడానికి పోయేవాళ్ళంతా నా కళ్ళముందు నుంచే పోవాలి. ఎవరు గంప నింపుకొచ్చారో, ఎవరు ఉత్త చేతులతో వచ్చారో నాకు తెలియకుండా ఉండదు. "నీకెందుకే నాగలక్ష్మీ ఊరి పెత్తనం?" అని మా ఆయన రాంబాబు విసుక్కుంటాడు. ఏం చెయ్యను? తెలుసుకోకపోతే నాకు ముద్ద దిగదు.

సంపూర్ణ సంగతి అలాగే నా కంట పడింది. మొగుడు పోయాడు. ఒక్క కూతురు బ్లెస్సీ, హాస్టల్లో ఉండి చదువుకునేది. వాళ్ళ మామగారి నాటి నుంచీ ఆ ఇంటిది అని చెప్పుకునే ఇప్పచెట్టు ఒకటి అడవిలో ఉంది. వేసవి మొదట్లో దాని కింద ఏరి ఎండబెట్టుకున్న పువ్వే, కూలి పనులు దొరకని వానాకాలంలో ఉడకేసుకుని తినేది. మిగిలింది సంతలో ఇచ్చి ఉప్పూ పప్పూ తెచ్చుకునేది. ఆ చెట్టు లేకపోతే ఆమెకు వానాకాలం పస్తులే.

అలాంటి మనిషి రోజూ ఒక గంపతో పోయి, శనివారం మాత్రం రెండు గంపలతో పోయేది. తిరిగొచ్చేటప్పుడు ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా ఉండేది. ఆదివారం అసలు అడవి మొహమే చూడదు. ఉతికిన చీర కట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని ప్రార్థనకు పోయేది. ఆదివారమని పువ్వు రాలడం మానేస్తుందా ఎక్కడైనా? ఇదేం విడ్డూరమమ్మా అనుకుని ఒక శనివారం ఆమెను ఆపేశాను.

"ఏందే సంపూర్ణా, శనారం శనారం గా రెండో గంప ఎందుకు మోస్తున్నవ్?"

సంపూర్ణ గంపలు దించి నవ్వింది. "వాక్యంల ఉన్నదక్కా. ఇశ్రాయేలోళ్ళకు అడవిల తిండి లేకుంటే దేవుడు పొద్దుగాల పొద్దుగాల మన్నా కురిపించిండు. ఏనాటిది ఆనాడే ఏరుకోమన్నడు. ఆరో దినం రెండంతలు ఇచ్చి, ఏడో దినం ఏరొద్దన్నడు."

"అయితే నీ చెట్టు గూడ శనారం రెండంతలు రాలుస్తదా?"

"ఇప్పటిదాకైతే రాల్చలే."

"మరి?"

"ఇచ్చుడు ఆయన పని. గంప తీస్కపోవుడు నా పని."

నాకు నవ్వాగలేదు. ఆ మధ్యాహ్నం పాస్టరు ఇన్నయ్యగారు టీ తాగడానికి వస్తే ఈ మాట చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "అది మన్నా, ఇది ఇప్పపువ్వు. పొద్దుగాల పువ్వు ఏరుకొని తర్వాతనే ప్రార్థనకు రామ్మా అని నేనే చెప్పిన. మీరు చదివిందే గదా అయ్యగారూ అంటది. ఇగ నేనేం చెప్పాలె?"

నవ్వు సంగతి అలా ఉంచి, సంపూర్ణ వాళ్ళ ఊళ్ళో కట్టుబాటు ఒకటుంది. పండగ చేసి చెట్టుకు మొక్కనిదే ఒక్కరూ పువ్వు ముట్టరు. ముట్టాక నేలపాలు చెయ్యరు. నేలపాలు చేసిన ఇంటికి ఆ చెట్టు ఉండదు, వేరే వాళ్ళకు పోతుంది. పగిడయ్య అనేవాడికి ఆ చెట్టు మీద ఎప్పటి నుంచో కన్ను. ఊరి పెద్ద జంపయ్య దగ్గరికి పోయి ఫిర్యాదు చేశాడు. నలుగురినీ పిలిచారని తెలియగానే, పాలగిన్నె రాంబాబుకు అప్పజెప్పి నేనూ పరిగెత్తాను.

జంపయ్య మెల్లగానే అడిగాడు. "బిడ్డా, ఆదివారం పువ్వంత గుడ్డెలుగులు తిని పోతున్నయ్. ఆ ఒక్కనాడు గూడ ఏరుతనని చెప్పు, చెట్టు నీదే. లేకుంటే పగిడయ్యకు ఇయ్యాలె."

సరేనని చెప్పవే పిచ్చిదానా, అని నేను లోపల కొట్టుకుంటున్నాను. సంపూర్ణ ముందుకొచ్చి అడిగింది.

"మామా, పండగకు ముందు చెట్టు కింద పువ్వు పడి ఉంటది. ఇంట్ల గింజ లేకున్న మీరు ముట్టరు. ఎందుకు?"

"ముట్టొద్దని పెద్దల మాట."

"నాకు గూడ గట్లనే. దేవుడు ఏరొద్దన్నడు, నేను ఏర. చెట్టు తీస్కుంటే తీస్కోన్రి." అంటూనే కొంగు నోట్లో కుక్కుకుని బావురుమంది. చెట్టు పోయిందనే అనుకుంది పాపం.

"మాట మీద నిలబడ్డదాన్ని నేనెట్ల తప్పు పడ్త?" అన్నాడు జంపయ్య. "పువ్వు మాత్రం నేలపాలు కావొద్దు. ఆరు దినాలు సంపూర్ణది. ఆదివారంది చెట్టు లేనోళ్ళు ఏరుకోవాలె."

చెట్టు లేనిది ఊళ్ళో ఒక్క చిన్నక్కే. ఆ ఏడే ఏరు దాటి వచ్చి ఊరి చివర గుడిసె వేసుకుంది, వెంట ఇద్దరు పిల్లలు. పగిడయ్య గొణుక్కుంటూ లేచిపోయాడు. మర్నాడు నా కొట్టు దగ్గర ఈ తీర్పు విని ఇన్నయ్యగారు తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. పొలంలో రాలిన గింజ బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టమని బైబిల్లోనే ఉందట. జంపయ్యకు ఎవరు చెప్పి ఉంటారని నన్నడిగాడు. ఎవరూ చెప్పలేదు, నాకు తెలుసు.

మరుసటి ఏడు పువ్వు రాలడం మొదలైన వారానికే సంపూర్ణకు మలేరియా కమ్మేసింది. భద్రాచలం దవాఖానాలో పడేశారు. బ్లెస్సీ చదువు మాని తల్లి పక్కనే కూర్చుంది. పువ్వు ఎవరు ఏరతారు? పగిడయ్య కొత్త గంప కొనుక్కొచ్చి నా కొట్టు ముందే తిరగడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

కానీ వాడికంటే ముందు రోజూ చీకట్లోనే చిన్నక్క పోయేది. ఓహో, ఇక చెట్టు ఈమెదే అనుకున్నాను. ఆపి అడిగితే, "వదిన పువ్వే అక్కా, ఆమె ఇంటి ముందలనే ఎండబోస్తున్న" అంది. నేను నమ్ముతానా? మిట్టమధ్యాహ్నం పోయి కంచె మీంచి తొంగిచూశాను. వాకిలంతా పువ్వు పరిచి ఉంది. చిన్నక్క పిల్లలు కోళ్ళను తోలుతున్నారు. నన్ను నేనే తిట్టుకుని వచ్చాను.

సంపూర్ణ ఆటో దిగేసరికి పుల్లలా ఉంది. నేనే రెక్క పట్టుకుని ఇంటిదాకా నడిపించాను. దారి పొడుగునా ఒకటే మాట. "చెట్టు పోయింది గదక్కా? నిజం చెప్పు, తట్టుకుంట." "ముందుగాల ఇంటికి పోదాం పద" అన్నాను.

తలుపు తీశాను. గోడ పొడుగునా ఎండిన పువ్వు మూటలు. ఇల్లంతా తియ్యటి వాసన. సంపూర్ణ గడపలోనే కూలబడిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

వెనక నుంచి చిన్నక్క బిక్కుబిక్కుమంటూ వచ్చింది, తప్పు చేసిన మనిషిలా.

"వదినా," అంది, "ఆదివారాలయి మాత్రం నేను తీస్కున్న. ఏమనుకోకు."