పెళ్ళిచూపుల్లో నీళ్ళ కరెంటు

1967 వేసవిలో నరసన్నపేటలోని మా ఇంట్లో నాకు పెళ్ళిచూపులు జరిగాయి. అబ్బాయికి కరెంటాఫీసులో ఉద్యోగం. నేను తలెత్తకపోవడం చూసి వాళ్ళ నాన్నగారు నవ్వుతూ, "పుస్తకాలు తెగ సదువుతావంట కదమ్మా! బొగ్గు కరెంటు మంచిదా, నీళ్ళ కరెంటు మంచిదా, సెప్పు సూద్దాం" అన్నారు.

ఎలాగైనా మెప్పించాలని, చదివినదంతా అప్పజెప్పాను. "నీళ్ళ కరెంటేనండి. పొగ ఉండదు, బూడిద ఉండదు. ఎవరికీ ఏ నష్టమూ లేదు."

అబ్బాయి తల్లి కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "మా కన్నోరి ఊరు ఆ కరెంటు కోసం కట్టిన ఆనకట్ట నీళ్ళల్లోనే ములిగిపోనాది. ఊరమ్మోరికి ఇప్పుడు గట్టు మీంచే మొక్కుతన్నాం."

సంబంధం తప్పిపోయిందనుకున్నాను. ఏం చెయ్యాలో తోచక, "మీ ఊరి పేరేమిటండి?" అని అడిగాను.

"ఏటీ, పేరా?" ఆవిడ నన్ను తేరిపార చూశారు. "ఇన్నాళ్ళకి అడిగినదానివి నువ్వేనే, పిల్లా!" అంటూ ఊరి పేరూ, వీధుల పేర్లూ చెప్పుకుంటూ పోయారు.

పెళ్ళయ్యాక మా అత్తగారు మొక్కుకి నన్నూ తీసుకెళ్ళారు. గట్టు మీద నిలబడి నీళ్ళలోకి వేలు చూపించి, "అదిగో, మా పెరడు అక్కడున్నాది" అన్నారు. నాకు నీళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. బొగ్గు కంటే నీళ్ళే మేలని ఇప్పటికీ అనుకుంటాను. ఎవరికీ నష్టం లేదని మాత్రం మళ్ళీ ఎక్కడా అనలేదు.