తలుపుకు అడ్డంగా నా ఆఫీసు

ఒక రాతబల్ల కారణంగా పక్కింటివాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తిన కథ చెబుతాను. బల్ల తప్పేమీ లేదు. అది మంచి టేకు బల్ల, ఇది రాస్తున్నప్పుడు కూడా నా మోచేతుల కింద బుద్ధిగా నిలబడి ఉంది. దాన్ని బిగించింది మాత్రం నేను.

పోలీసు యాక్షన్ అయిన తర్వాతి చలికాలం. గొడవల్లో నాన్నగారి ఉద్యోగం పోయింది. నాకు టైపు వచ్చు గానీ మనుషులతో మాట్లాడటం రాదు. కొత్తవాళ్లు పేరడిగితే డైరీలో రాసి చూపిద్దామా అనిపించే రకం. మా చర్చికి వచ్చే సుగుణమ్మ గారు ఒక ఆడపిల్లల బడికి హెడ్మిస్ట్రెస్. ప్రశ్నపత్రాలు ఇంట్లోనే కూర్చుని టైపు చేసే పని ఇస్తానన్నారు.

"కానీ నీకంటూ ఒక బల్ల, ఒక గది ఉండాలి. ఆ గదిలోకి ఇంకొకరు రాకూడదు. గురువారం నేనే వచ్చి చూస్తాను," అన్నారు.

ఈ పని రాకపోతే నేను బందరు వెళ్లి, అత్తయ్య నడిపే బడిలో పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలి. ఆ మాట తలచుకుంటే చాలు, నా గొంతు నన్ను వదిలేసి ఎటో వెళ్లిపోయేది.

నాన్నగారు రెజిమెంటల్ బజార్‌లో పాత సామాన్ల దుకాణం నుంచి బల్ల తెచ్చారు. బొల్లారంలో ఉండి స్వదేశానికి వెళ్లిపోయిన ఒక తెల్ల అధికారిదట. దండుతో పాటు మోసుకెళ్లడానికి వీలుగా, విప్పి మళ్లీ మరలతో బిగించుకునేలా చేసిన బల్ల. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. ముక్కలు చూసి పాపం విరిగిపోయింది కాబోలు అనుకున్నాను. విరిగినదాన్ని అతికించాలి కదా, మీరైనా చెప్పండి. గురువారం పొద్దున్నే వడ్రంగి జిగురు కాచాను.

"కరుణా, ఏం మాడుతోంది?" అని అమ్మ వంటింట్లోంచి అడిగింది.

"ఏం లేదమ్మా."

"ఏం లేనిదానికి ఇంత కంపేమిటే?"

నా గది రైలుపెట్టెలా సన్నగా ఉంటుంది. గొడవల రోజుల్లో నాన్నగారు వీధి కిటికీని ఇటుకలతో మూయించారు. వెలుతురంతా తలుపు పైనున్న గాజు పలకలోంచే రావాలి. అందుకని బల్లను తలుపు దగ్గరే పెట్టాలనుకున్నాను. ఎవరైనా చూస్తే సిగ్గని తలుపు మూసుకున్నాను. ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుందన్న సంగతి, పుట్టినప్పటి నుంచి దాన్ని తెరుస్తున్న నాకు ఆ పూట గుర్తు రాలేదు.

కాళ్లు నిలబెట్టి, పై పలకను రెండు గోడల మధ్య నొక్కి కూర్చోబెట్టాను. ప్రతి అతుకులోనూ జిగురు పోశాను. అనుమానం వచ్చినచోట ఇంకాస్త పోశాను. నాకు అనుమానాలెక్కువ. జిగురు కాళ్ల వెంట జారి షాబాదు బండల మీద మడుగు కట్టింది. అది ఆరేదాకా గోడకానుకుని హాయిగా పుస్తకం చదువుకున్నాను.

"కరుణా, సుగుణమ్మ గారు వచ్చారు. తలుపు తీయి," అంది అమ్మ.

లాగాను. తలుపు వేలెడంత కదిలి బల్లకు తగిలి ఆగిపోయింది.

"తీయవేమే?"

"బల్ల అడ్డమొచ్చిందమ్మా."

"జరుపు."

"జరగదు. అతుక్కుపోయింది."

"దేనికి?"

"నేలకి."

"మరలు విప్పెయ్యమ్మా," అన్నారు నాన్నగారు. మరలా? ముక్కలతో పాటు వచ్చిన చిన్న గుడ్డసంచిని ఏమిటోలే అనుకుని పొద్దున మూలకు విసిరేశాను. విప్పి చూస్తే నిండా ఇత్తడి మరలు, మిలమిలా నవ్వుతున్నాయి.

 బయట సుగుణమ్మ గారు, "మళ్లీ ఎప్పుడైనా వస్తాలెండి," అన్నారు. ఆ 'ఎప్పుడైనా'లో నాకు బందరు కనిపించింది.

నా గదికీ పక్కింటికీ మధ్య గోడలో చిన్న తలుపొకటి ఉంది. పక్కిల్లు దర్జీ ఖాజా సాబ్, జానీబీలది. గొడవల రోజుల్లో నాన్నగారూ ఖాజా సాబూ కలిసి పెట్టించారు. మొదట జానీబీ మమ్మల్ని అటువైపు దాచింది. పోలీసు యాక్షన్ నాళ్లలో వాళ్లు ఇటువచ్చి ఈ గదిలోనే తలదాచుకున్నారు. ఆపద వస్తే గోడ దబదబా బాదాలని ఒప్పందం. ఊరు చల్లబడ్డాక ఆ తలుపుకు అడ్డంగా అటు వాళ్ల పరుపులు చేరాయి, ఇటు నా పుస్తకాలు.

"జానీబీ ఖాలా," అని పిలిచాను. నా పిలుపు పుస్తకాలకు కూడా వినపడలేదు. ఇక చేసేది లేక గోడ బాదాను.

అటువైపు బిందె పడింది, పరుపులు కూలాయి. "మళ్ల షురూ అయింది, లేవుండ్రి," అని ఖాజా సాబ్ కేక. తలుపు తోసుకుని, నా పుస్తకాలను తొక్కుకుంటూ జానీబీ వచ్చింది. ఒక చేతిలో పచ్చడిబండ, ఇంకో చంకలో కోడి. వెనకాల కుట్టుమిషను తల భుజాన వేసుకుని ఖాజా సాబ్.

"ఏడున్నరు బిడ్డా వాళ్లు?"

"ఎవరు ఖాలా?"

"గదే, వచ్చినోళ్లు."

"హెడ్మిస్ట్రెస్ గారు."

"ఒక్కతేనా?"

"ఒక్కరే."

"ఒక్క పంతులమ్మకు గింత పరేషాన్ చేసినవా?"

నేను బల్ల వైపు వేలు చూపించాను. జానీబీ బల్లను చూసింది, తలుపును చూసింది, జిగురు గిన్నెను చూసింది. కోడిని వదిలేసి పరుపుల మీద కూలబడి నవ్వింది. ఆ గోడ తలుపు తెరుచుకున్నప్పుడల్లా అప్పటిదాకా ఏడుపే విన్నాం. నవ్వు వినడం అదే మొదలు.

సంగతంతా చెప్పగానే ఆమె వీధిలోకి పరుగెత్తింది. "అమ్మా, జెర ఆగుండ్రి. మా ఇంట్లకెంచి రాండ్రి."

సుగుణమ్మ గారు జానీబీ వంటిల్లు దాటి, పరుపులు దాటి, నడుం వంచి నా ఆఫీసులోకి వచ్చారు. బల్లను ఊపి చూశారు. ఊగలేదు.

"ఈ తలుపులోంచి ఎవరూ రాలేరా?"

"నేనే పోలేకపోతున్నానండి."

"మరి అటునుంచి?"

"అటు నేనుంట. నన్ను దాటి ఎవలు పోతరో చూస్త," అంది జానీబీ. పచ్చడిబండ ఇంకా చేతిలోనే ఉంది.

సుగుణమ్మ గారు మొదటిసారి నవ్వారు. "ప్రశ్నపత్రాలకు ఇంత భద్రమైన గది నేనెక్కడా చూడలేదమ్మా. సోమవారం నుంచి పంపిస్తాను."

బల్ల కాళ్లు కోసి తీసేద్దామని నాన్నగారు అన్నారు. నేనే వద్దన్నాను. రోజూ జానీబీ ఇంట్లోంచే ఆఫీసుకు వెళతాను. టైపు మిషను మా ఇంటికి అన్నం పెడుతోంది, బందరు బందరులోనే ఉంది.

అయినా, నా డైరీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ తలుపు మూసుకుని బల్ల బిగించను, జిగురు ముట్టను. గోడ బాదనని మాత్రం మాటివ్వలేను. సాయంత్రమయ్యేసరికి దబదబా బాదుతాను. అటునుంచి ఎవరూ పరుగెత్తరు.

"ఆగు బిడ్డా, చాయ్ మరుగుతుంది," అంటుంది జానీబీ.