బూడిదరంగు తెర మీద పదకొండు పక్షులు

మా బాబాయి కంప్యూటర్ తెరలు బాగుచేస్తాడు. కంప్యూటర్లు కాదు, తెరలే. ఎవరైనా "మీరు కంప్యూటర్లు రిపేరు చేస్తారటగా" అంటే ముఖం మాడ్చుకుని, "కంటి డాక్టరుకి మోకాలు చూపిస్తారా?" అంటాడు. మొదటిసారి మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పలకరింపులైనా కాకముందే టీవీకేసి చూసి, "ఇది ఆర్నెల్లకి మించి ఉండదు" అన్నాడట. ఆర్నెల్లు కూడా ఉండలేదు. అయినా వాళ్ళు పిల్లనిచ్చారు.

ఆయన దగ్గరికి ఎక్కువగా వచ్చే ఫిర్యాదు నీడ. ఒకే బొమ్మ రోజుల తరబడి కదలకుండా ఉంటే, తీసేశాక కూడా దాని ఆనవాలు తెర మీద మసగ్గా ఉండిపోతుంది. తెర కాలిపోయిందని జనం లబోదిబోమంటారు. బాబాయి వైద్యం ఒక్కటే, తెరంతా తెల్లగా పెట్టి కొన్ని గంటలు వదిలెయ్యమంటాడు. "ఒకే పక్కకి తిరిగి పడుకుంటే మెడ పట్టేస్తుంది చూడు, అంతే. సర్దుకుంటుంది" అంటాడు. ఈ మాట అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఫోన్లోనే చెప్పేస్తాడు.

ఆ రోజు పొద్దున కూడా అలాగే చెప్పాడు. ఒక తివాచీల కార్ఖానా యజమానురాలు ఫోన్ చేసి, పాత కంప్యూటర్ తీసేసి తన ల్యాప్‌టాప్ తగిలిస్తే తెర మీద పాత బొమ్మ నీడ కనిపిస్తోందని చెప్పింది. "తెల్లగా పెట్టి ఉంచండమ్మా, మధ్యాహ్నం వచ్చి చూస్తా" అన్నాడు. స్కూటర్ మొరాయించడంతో నన్ను కారు తియ్యమన్నాడు. నేను లెక్కల టీచర్ని, సెలవుల్లో ఉన్నాను. సెలవుల్లో ఉన్న టీచరంటే మా ఇంట్లో అందరికీ డ్రైవరే.

కార్ఖానాలో ఒక పెద్ద మగ్గం, దాని మీద సగం నేసిన పక్షుల తివాచీ. మగ్గం పక్కనే గోడకి తెర. తెరకి అడ్డంగా దారంతో కట్టిన చెక్క స్కేలు. నేసేవాళ్ళు తెర మీది గళ్ళ బొమ్మ చూస్తూ ఒక్కో వరస ముడులు వేసి, స్కేలుని ఒక్కో గడి పైకి జరుపుతారు. అలా నలభై రోజులుగా ఆ తెర ఆపలేదు, బొమ్మ కదపలేదు.

బొమ్మ గీసింది అక్కడందరూ గళ్ళ మామ్మ అని పిలిచే పెద్దావిడ. యాభై ఏళ్ళుగా ఆ కార్ఖానాకి నమూనాలన్నీ ఆవిడవే. ఆవిడ దగ్గర రెండు నియమాలున్నాయి. నమూనాని కాగితం మీద అచ్చు వెయ్యకూడదు. ఫోన్లు గుమ్మం బయట బుట్టలో పెట్టి రావాలి. "బయటికి పొక్కిందంటే నెల తిరక్కుండా పదిమంది నేసేస్తారు" అనేది ఆవిడ భయం. ఆ భయమే కొంప ముంచింది. పాత కంప్యూటర్లో డిస్క్ పోయింది. దాన్ని చూసినతను మేం వెళ్ళడానికి కాస్త ముందే పెదవి విరిచేశాడు. తివాచీలో మిగిలిన సగం నమూనా ఇంకెక్కడా లేదు.

"మళ్ళీ గీయించండి" అన్నాను నేను, తెలివిగా.

యజమానురాలు గొంతు తగ్గించి చెప్పింది. "మామ్మకి చూపు పోయిందండీ. ఇది గీస్తుండగానే పోతూ వచ్చింది. ఇదే ఆఖరిది. ఏ రెండు పక్షులూ ఒకలా ఉండవు. వేరేవాళ్ళెవరూ పూర్తి చెయ్యలేరు."

మామ్మ మగ్గం పక్కన స్టూలు మీద కూర్చుని, నేసినంత మేరా వేళ్ళతో తడుముతోంది.

బాబాయి ముఖం పాలిపోయింది. తెర తెల్లగా వెలుగుతోంది. ఆయన చెప్పినట్టే, నాలుగు గంటలుగా. "నేనే చెరిపించానమ్మా" అన్నాడు యజమానురాలితో. ఇంకో మాట లేకుండా ల్యాప్‌టాప్ లాక్కుని తెల్లదనం తీసేసి, తెరంతా ఒకే బూడిదరంగు పెట్టాడు. కిటికీలు మూయించాడు. ఏమీ లేదు. గోడకి చెంప ఆనించి పక్కనుంచి చూసి, నన్ను చెయ్యి పట్టి లాగాడు.

అప్పుడు చూశాను. తెర మీద ఇంకా నెయ్యాల్సిన పైసగం నిండా పక్షులున్నాయి. బూడిదలో బూడిదలా, ఉన్నాయా లేవా అన్నట్టు, పదకొండు. డిస్కు మరిచిపోయినదాన్ని ఒట్టి అద్దంలాంటి తెర గుర్తుపెట్టుకుంది. యజమానురాలు పరుగున ఫోన్ తెచ్చి ఫోటో తీసింది. ఫోటోలో బూడిదరంగు తప్ప ఏమీ రాలేదు.

"గ్రాఫ్ పేపర్ ఉందా?" అన్నాడు బాబాయి. "టీచరమ్మా, నువ్వు రాయి. తొందరగా. ఇది పోతూనే ఉంటుంది."

కింది పక్షితో మొదలుపెట్టాడు. "నాలుగు ఖాళీ. మూడు ముదురు. రెండు లేత." నీడలో రంగులుండవు కదా, నేను పెన్సిల్ పట్టుకుని దిక్కులు చూశాను.

వెనకనుంచి మామ్మ అంది, "ముదురంటే ఇటుకరంగు. లేతంటే పసుపు. అది ఎడమ రెక్క అంచు."

అక్కణ్ణుంచి ముగ్గురం ఒకే యంత్రంలా పనిచేశాం. ఆయన గళ్ళు చెప్పడం, ఆవిడ రంగు చెప్పడం, నేను నింపడం. నా మెడ పట్టేసింది, బాబాయి కళ్ళెంట నీళ్ళు కారుతున్నాయి. వేల గళ్ళలో ఒక్క రంగు కూడా మామ్మ తడుముకోలేదు. నేను తరగతిలో నలభైమంది పేర్లు తడబడకుండా పిలవలేను.

పదకొండో పక్షి తోక దగ్గర బాబాయి నెమ్మదించాడు. "రెండు ముదురు..." అని ఆగాడు. గోడకి ఈ చెంపా ఆ చెంపా ఆనించి చూశాడు. నాకైతే ఎప్పుడో కనిపించడం మానేసింది.

మామ్మ స్టూలు మీంచి లేచింది. "ఆగావేం నాయనా? రెండు ముదురు, ఒకటి లేత, మళ్ళీ మూడు ముదురు. ఉందా?"

"ఉందమ్మా" అన్నాడు బాబాయి.

"పై వరసలో ఐదు ఖాళీ, నాలుగు నీలం. ఉందా?"

"ఉంది."

వరస తర్వాత వరస ఆవిడే చెప్పుకుపోయింది. ఆవిడ వేళ్ళు గాలిలో గళ్ళు లెక్కపెడుతున్నాయి. నేను రాస్తుంటే కాగితం మీద రెక్క విచ్చుకుంది, మెడ తిరిగింది, కన్నుకి ఒక్క నల్ల గడి పడింది. మగ్గం దగ్గరివాళ్ళంతా నా చుట్టూ చేరి కాగితంకేసి చూస్తున్నారు.

సాయంత్రం తిరిగొస్తూ కారులో అడిగాను. "బాబాయ్, ఆఖరి పక్షి నీకు నిజంగా కనిపించిందా?"

ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. "తోక దాకా కనిపించింది. తర్వాత తెర శుభ్రంగా అయిపోయింది అమ్మాయ్."

"మరి అడిగినప్పుడల్లా ఉంది, ఉంది అన్నావు."

"అప్పుడు నేను చూస్తున్నది తెరకేసి కాదు, ఆవిడ మొహంకేసి" అన్నాడు. "అక్కడ ఉంది కదా."