తెగిన పోగు ముందు చూపమన్న సారు

మొన్న పొద్దున దుకాణం తెరుస్తుంటే ఫోన్ మోగింది. డిగ్రీలో నాతో చదువుకున్న స్నేహితురాలు. "మన కామర్స్ సారు పోయిన్రే. రాత్రి దవాఖానకు తీస్కపోతుంటే దారిలనే పానం పోయిందంట" అంది. సగం ఎత్తిన షట్టరు కిందే కూర్చుండిపోయాను. సారుకు చెప్పాల్సిన కబురొకటి నా దగ్గర ఏడాదిగా ఉంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ గడిపేశాను.

వనపర్తిలో మా క్లాసుకు వచ్చిన మొదటి రోజే సారు ఒక్కొక్కరినీ లేపి ఏమవుతారని అడిగారు. టీచరు, కానిస్టేబులు, మళ్లీ టీచరు. సారు చెప్పబోయే మార్కెటింగ్ అంటే భుజాన సంచి తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగి సబ్బులమ్మడమేనని మా గట్టి నమ్మకం. సారు వాదన పెట్టుకోలేదు. వారం రోజులు టైమిచ్చి, పల్లికాయ వెంట పోయి రమ్మన్నారు. చేను నుంచి నూనె డబ్బా దాకా ఎవరెవరు ముట్టుకుంటారో రాసుకు రావాలి. బల్మూరు నుంచి వచ్చే క్లాస్‌మేట్ సొంత చేని మూటతోనే మార్కెట్ యార్డుకు, అక్కడి నుంచి మిల్లుకు పోయాడట. కాంటా వేసేవాడి దగ్గర్నుంచి డబ్బా మీద బొమ్మ గీసేవాడి దాకా రాస్తే రెండు పేజీలు నిండాయి. సారు ఆ కాగితం పైకెత్తి చూపించారు.

"గీ చేతులన్నీ కొలువులే. మీకు రెండే కనబడుతున్నయ్."

ఆయన అలవాట్లు మాకు భలే నవ్వు తెప్పించేవి. బిస్కెట్ తినే ముందు పొట్లం మీది అక్షరాలన్నీ చదివేవారు, తిన్నాక ఆ కాగితాన్ని పుస్తకంలో దాచుకునేవారు. చొక్కా జేబు ఎప్పుడూ సుద్దముక్కల పొడితో తెల్లగా ఉండేది. ఏ దుకాణానికి పోయినా ఏం బాగా అమ్ముడవుతుందని అడిగేవారు కాదు, ఏది పోవడం లేదని అడిగేవారు. దుకాణదారులు మొదట ముఖం చిట్లించి, తర్వాత కుర్చీ వేసి మరీ గోడు చెప్పుకునేవాళ్లు.

నా చదువు మాత్రం ఆయన దగ్గర ఒక అబద్ధంతో మొదలైంది. కాలేజీ ఫారంలో మా నాయన పని 'వ్యాపారం' అని రాశాను. గద్వాలలో మాది మగ్గం ఇల్లు. నాయన నేసిన చీర షావుకారుకు పోతుంది, దాన్ని కట్టుకునే మనిషి ముఖం ఆయన ఏనాడూ ఎరగడు. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉండేది.

చివరి ఏడాది కాలేజీలో ఒకరోజు సంత పెట్టారు. ఎవరింట్లో ఏది తయారవుతుందో అది తెచ్చి అమ్మాలి. తప్పక నేను ఐదు చీరలు తెచ్చాను. మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. నేతలో పోగు తెగితే అతుకుతాం; చీర ఇచ్చేటప్పుడు అంచు కంటే ముందు ఆ అతుకు మీద వేలు పెట్టి చూపిస్తాం. అవతలివాళ్ల కన్ను పడకముందే మన వేలు పడాలంటాడు నాయన. ఒక చీరలో అతుకుందని నాకు చెప్పే పంపాడు. కానీ పుస్తకంలో సరుకు అందాన్నే ముందు చూపాలని చదువుకున్నదాన్ని కదా, అతుకు లోపలికి పోయేలా మడత మార్చి, దవాఖానలో పనిచేసే ఒక నర్సమ్మకు అమ్మేశాను. సాయంత్రం గొప్పగా సారుకు చెప్పాను కూడా, నాయన అతుకు ముందు చూపమంటాడు గానీ మడతలోనే ఉంది మాయంతా అని.

సారు నవ్వలేదు. "మీ నాయన చదువుకున్నడా?" అని అడిగారు. లేదన్నాను.

"ఆయనకు తెలిసింది నీకు తెల్వకపాయె. పోయి ఆ అతుకు చూపించి రా, బిడ్డా."

ఏడ్చుకుంటూ పోయాను. నర్సమ్మ అతుకు చూసి, చీర వాపస్ ఇచ్చేసింది. తిరిగొచ్చేసరికి సారు ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఆమె మళ్లీ నన్నే వెతుక్కుంటూ వస్తుందని ధైర్యం చెప్పారు. ఆమె రాలేదు. సారు చెప్పింది తప్పిన సందర్భం నాకు గుర్తున్నంతలో అదొక్కటే.

డిగ్రీ అయ్యాక హైదరాబాదులో నీళ్ల ఫిల్టర్లు అమ్మాను, అక్షరాలా భుజాన సంచితో. మూడేళ్లకు విసుగెత్తి గద్వాల వచ్చి, ఇంటి ముందు గదిలో నాయన చీరలు, మా వాడ చీరలు పెట్టాను. ప్రతి చీరకూ నేసినవారి పేరు రాసిన చీటీ కట్టి, అతుకుంటే ముందు చూపిస్తున్నాను. చూసి వెళ్లిపోయేవాళ్లున్నారు, మళ్లీ వచ్చి నన్నే అడిగేవాళ్లూ ఉన్నారు. ఈ సంగతే సారుకు చెప్పాలి. బోర్డు పెట్టాక చెబుదామనుకున్నాను. బోర్డు పెట్టాక, దుకాణం జర నిలదొక్కుకున్నాక అనుకున్నాను. నా మీద నాకే కోపం వస్తోంది. బస్సెక్కితే పూట ప్రయాణం కూడా కాదు.

నేను వనపర్తి చేరేసరికి అంతా అయిపోయింది. సారు భార్య నా పేరడిగి, లోపలికి పోయి ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చింది. బ్యాచీల వారీగా మా అందరి పేర్లు, ఎదురుగా ఎవరేం పని చేస్తున్నారో సారు రాతలో ఉన్నాయి. మందుల కంపెనీ. విత్తనాల దుకాణం, ఉప్పునుంతల. బల్మూరు అతనికి నూనె మిల్లు. నా పేరు ఎదురుగా ఏమీ లేదు.

"వచ్చినోళ్లనందరిని నీ సంగతి అడుగుతుండె" అంది ఆమె. "ఎవ్వరు తెల్వదనే అన్నరు."

సారు సిరా పెన్ను నా చేతిలో పెట్టింది. చీరల దుకాణం, గద్వాల అని రాశాను. ఒత్తి రాసేసరికి సిరా ఎక్కువ పడింది. ఆమె పుస్తకం ఒళ్లోకి తీసుకుని, ఆ వరుస ఆరేదాకా మెల్లగా ఊదుతూ కూర్చుంది.