ఎదురుకోలు పాటలో ఆగిన చోటు

నన్నే సాహెబ్ చేతులు కుదురుగా ఉండే రకం కావు. తొంభై ఏడు ఆషాఢంలో అయితే మరీ పిచ్చెత్తినట్టు తిరిగాయి. చొక్కా గుండీలు తడిమాయి, గోడ మీద దరువు వేశాయి, భార్య అన్వరీ చేటలో ఏరుతున్న బియ్యాన్ని కెలికాయి.

"ఏమండీ, వాటికి ఏదైనా పని చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అని ఆవిడ కసిరింది.

పని ఎక్కడిది? పెళ్లిబ్యాండు మాస్టరుగా ఆ చేతులు నేర్చిన పని ఒక్కటే, క్లారినెట్. దాన్ని ఇక ముట్టుకోవద్దని గవర్నర్‌పేటలో డాక్టరు గారు ఖండితంగా చెప్పారు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయట. ఇంకా ఊదితే మనిషి దక్కడట. ఈ సంగతి అన్వరీకి తప్ప మరో ప్రాణికి తెలియదని నన్నే సాహెబ్ నమ్మకం. బ్యాండులో వాళ్లతో మాత్రం, "ఈ సీజన్ నుంచి మా జాహిద్ ఊదుతాడు. నేను నిలబడి నడిపిస్తాను" అని దర్జాగా చెప్పాడు. జాహిద్ ఆయన మేనల్లుడు, బ్యాండులో చేరి ఏడాది దాటింది.

దర్జా అంతా పైకే. లోపలంతా భయమే. బెజవాడ బ్యాండుల్లో మాస్టరంటే ముందు నిలబడి క్లారినెట్ ఊదేవాడే. ఆయన ఎత్తుకుంటే మిగిలినవాళ్లు అందుకుంటారు, ఆయన ముగిస్తే ముగిస్తారు. ఊదని మాస్టరును ఎవడు లెక్కచేస్తాడు? పెళ్లివారి మధ్య వట్టి చేతులు ఊపుకుంటూ నిలబడితే ఎవరో దారితప్పి వచ్చిన చుట్టం అనుకోరూ? శ్రావణంలో మొదటి పెళ్లి ఉయ్యూరులో, చెరకు రైతు రామకోటేశ్వరరావు గారింట్లో. అక్కడ వట్టి చేతులతో బ్యాండును నడపగలిగితే తను ఇంకా మాస్టరే. లేదంటే ఎర్రకోటు మడిచి పెట్టెలో పెట్టేసుకోవడమే.

ఏలూరు కాలువ గట్టున పాత కలప అడితి షెడ్డులో ప్రాక్టీసు మొదలైంది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి అందరూ ఖాళీయే. మొదటి రోజు ఆయన చెయ్యి ఊపగానే తలా ఒక దారిన పోయారు. పాపం, వాళ్ల తప్పేముంది? ఇన్నాళ్లూ చెవితో పట్టుకున్నదాన్ని ఇప్పుడు కంటితో పట్టుకోమంటే ఎలా?

"ఆపండి! ట్రంపెట్లూ, మీరు పెళ్లికొచ్చారా, యుద్ధానికొచ్చారా? జాహిద్ ఊదేది మీకు వినపడట్లేదంటే మీరు ఎక్కువైనట్టే. తగ్గండి."

ట్రంపెట్లను వెనక్కి జరిపాడు. పెద్ద డ్రమ్ము మీద తువ్వాలు పరిపించాడు. కుడిచెయ్యి లయకు, ఎడమచెయ్యి ధ్వనికి అని చెప్పాడు. అరచెయ్యి కిందికి వాలితే మెల్లగా, పైకి లేస్తే పెంచాలి. ఒక్కో వరుసా నోటితో పాడి, ఒక్కొక్కరి చేత విడిగా వాయించి, తర్వాత కలిపాడు. కలిసినట్టే కలిసి విడిపోయేది. ఆయన కూర్చోడు, వాళ్లను కూర్చోనివ్వడు. టీ తెప్పించి తాగనివ్వడు. వారం తిరిగేసరికి తిట్లతో పాటు పాటలూ కుదిరాయి.

మిగిలింది ఎదురుకోలు పాట. పెళ్లికొడుకు కారు విడిది ముందు ఆగగానే మిగతా మోతంతా ఆపి వాయించే పాట అది. పడుచువాడుగా ఉన్నప్పుడు నన్నే సాహెబ్ సొంతంగా కట్టుకున్నాడు. మధ్యలో ఒక పొడుగు వరుస ఉంది, ఒకే ఊపిరి మీద పైపైకి వెళుతుంది. ఆ పాట కోసమే ఈ బ్యాండును పిలిచేవాళ్లున్నారు.

అందరూ ఎత్తుకోగానే ఆయనకు ఒక బుద్ధి పుట్టింది. దూరం నుంచి వింటే ఎలా ఉంటుంది? ఇన్నేళ్లలో తన బ్యాండును ఆయన బయటినుంచి విన్నదే లేదు. ఎప్పుడూ తన క్లారినెట్ తన చెవిలోనే. వాయిస్తూనే ఉండమని సైగచేసి, గట్టు మీద హనుమయ్య టీ కొట్టు దాకా నడిచాడు.

బాగుంది. బాగుందనుకుంటుండగానే పొడుగు వరుస సగంలో పుటుక్కున తెగింది. అందరూ ఒక్కసారే ఆగారు. ఆ ఖాళీలో సైడ్ డ్రమ్ము గబగబా దరువు వేసింది. తర్వాత పాట మళ్లీ అందుకుంది.

"అక్కడ ఆ దరువు భలే ఉంటుందండీ సాయిబు గారూ," అన్నాడు హనుమయ్య గ్లాసు కడుగుతూ.

ఆయన ఒక్క ఉదుటున షెడ్డులోకి వచ్చిపడ్డాడు. "జాహిద్! అక్కడ ఎందుకు ఆపావురా?"

"పాటే అంత కదా మామూ! నేను చేరినప్పటి నుంచీ మీరు అక్కడ ఆపుతున్నారుగా."

"నేనా?"

సైడ్ డ్రమ్ము వాయించే ఆమోసు, బ్యాండు పెట్టిన నాటి మనిషి, పుల్లలు చంకలో పెట్టుకుని ముందుకొచ్చాడు.

"వాణ్ణి అనకండి మాస్టారూ. రెండేళ్ల కిందట బందరు పెళ్లిలో మీకు అక్కడ ఊపిరి అందలేదు. పెళ్లివారంతా మీవంక చూశారు. నాకేం తోచక దరువేశాను. ఆ తర్వాత ఎప్పుడూ అందలేదు మీకు. మీరొక్కరే ఆగినట్టు కనపడకూడదని అందరం ఆగుతున్నామండీ. వీడు తర్వాత వచ్చాడు, పాటే అంత అనుకున్నాడు."

నన్నే సాహెబ్‌కు తల కొట్టేసినట్టయింది. అక్కడ గాలి కోసం తంటాలు పడటంలో మిగతావాళ్లు ఆగడం తను ఎన్నడూ గమనించనేలేదు. తన రోగం తన ఒంట్లోనే ఉందనుకున్నాడు, పాటలోకి కూడా పాకింది. పైగా ఇందరికీ తెలుసు! "మీ జాలి ఎవడడిగాడ్రా?" అని అరిచి, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి నడిచాడు.

అంతా విని అన్వరీ చేట పక్కన పెట్టింది. "తెలిసి కూడా రెండేళ్లు నోరు మెదపలేదంటే మంచివాళ్లేగా! రేపు పోయి ఆ పని చూసుకోండి. నా బియ్యం జోలికి మాత్రం రాకండి."

మర్నాడు వెళ్లాడు. మొహం గంటుపెట్టుకునే వెళ్లాడు, కానీ వెళ్లాడు. వరుస ఎత్తుకునే ముందే కడుపు నిండా గాలి పట్టమని, మొదట్లో పొదుపుగా వదలమని జాహిద్‌కు చూపించాడు. దరువు వద్దని ఆమోసుకు చెప్పాడు. ఎడమచెయ్యి పైకెత్తాడు. "ఇది దిగేదాకా ఎవరూ ఆగడానికి వీల్లేదు."

అయినా అదే చోట ఆగారు. మళ్లీ చేయించాడు, మళ్లీ ఆగారు.

"ఇప్పుడెవడు ఆపాడు?"

ఆమోసు తటపటాయించాడు. "మీ చెయ్యండీ. అక్కడికొచ్చేసరికి దిగిపోతోంది."

నిజమే. ఆ చోటు రాగానే ఊదకపోయినా ఆయన ఛాతీ గాలి కోసం ఎగపడుతోంది, చెయ్యి దానితో పాటే పడిపోతోంది. బ్యాండును దిద్దాననుకున్నాడు, దిద్దుకోవాల్సింది తనను. ఇంట్లో గోడకు ఎదురుగా నిలబడి, చెయ్యెత్తి, పాట నోట్లో పాడుకుంటూ సాధన చేశాడు. ఒకసారి నిలిచేది, రెండుసార్లు పడేది. ఉయ్యూరు బస్సెక్కేదాకా అంతే.

సాయంత్రం పెళ్లికొడుకు కారు ఆగింది. మోత ఆగింది. నన్నే సాహెబ్ జనం వైపు వీపు పెట్టి, తనవాళ్ల వైపు తిరిగి చెయ్యెత్తాడు. వెనక ఎవరో నవ్వారు. పాట మెల్లగా లేచింది. పొడుగు వరుస మొదలైంది, పైకి వెళుతోంది. ఆ చోటు వచ్చింది. ఆయన ఛాతీ పట్టేసింది, నోరు తెరుచుకుంది, గాలి కోసం పెద్దగా ఎగపీల్చాడు, దగ్గు తన్నుకొచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎడమచెయ్యి మాత్రం అక్కడే నిలబడింది. జాహిద్ చూపు ఆ చేతి మీదే ఉంది. ఆమోసు పుల్లలు కదలలేదు. పాట తెగకుండా ఆ చోటు దాటి వెళ్లిపోయింది. అక్కడ ఆగింది ఆయన ఒక్కడే, అది చూసింది ఆయన మనుషులే.

పాట ముగియగానే రామకోటేశ్వరరావు గారు తాంబూలం పళ్లెంతో వచ్చి, క్లారినెట్ చూసి, జాహిద్ ముందు ఆగారు.

"మాస్టరు ఆయనండీ," అన్నాడు జాహిద్.

అందరూ అటు తిరిగారు. నన్నే సాహెబ్ చెయ్యి ఇంకా పైనే ఉంది. ఆమోసు దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు, "అయిపోయిందండీ మాస్టారూ. ఇక దించండి."