రాకుమారి సరస్సుకు ఫొటో దొరకలేదు

మా అమ్మాయి వీడియో గేములకు బొమ్మలు వేస్తుంది. కొత్తగా ఒక జానపద కథ గేములో ఆఫీసువాళ్లు రాకుమారి సరస్సు బొమ్మ అడిగితే, నేను తన చిన్నప్పుడు చెప్పిన కొల్లేరునే గీసింది. నిండా కిక్కిస గడ్డి, గూడబాతులు. అలాంటి సరస్సు నిజంగా ఉన్నట్టు ఫొటో పంపితేనే ఆ బొమ్మ ఉంచుతామన్నారు. ఈ రోజు ఉదయం ఆకివీడు దగ్గర నేను పుట్టిన ఊరికి తనను తీసుకెళ్లాను. సరస్సు ఉన్నచోట అన్నీ చేపల చెరువులే.

"కిక్కిస ఎక్కడైనా ఉందా బాబాయిగారూ?" అని అమ్మాయి గీసిన బొమ్మ చూపించి గట్టు మీది పెద్దాయనను అడిగాను.

"ఇంకెక్కడి కిక్కిసండీ! అమ్మాయిగారు గీసిందే మా మనవలకి చూపించండి."

అమ్మాయి ఆ చెరువులనే ఫొటోలు తీసి పంపింది. సాయంత్రం జవాబొచ్చింది. సరస్సు తీసేశారట. ఫొటోలు మాత్రం రాక్షసుడి రాజ్యానికి బాగున్నాయట.

మీ దగ్గర పాత కొల్లేరు ఫొటో ఉంటే పెట్టండి. గేముకి కాదులెండి, నేను చూసుకోవడానికి.